మూత పెట్టిన పళ్లెం బొమ్మ

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. అబ్బాయికి ఇరవై ఏళ్లు, ఇంజినీరింగ్ రెండో ఏడు. కాలేజీ బస్సులో వెళ్లి వస్తాడు. అమ్మాయి తొమ్మిదో తరగతి. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం సందర్భంగా బడిలో చిత్రలేఖనం పోటీ పెట్టారు. మా అమ్మాయి భోజనాల బల్ల, దాని మీద మూత పెట్టిన స్టీలు పళ్లెం, ఎదురుగా మూసిన గది తలుపు, దాని కిందనుంచి సన్నగా పొగ, గడప దగ్గర అగరుబత్తీల పెట్టె గీసింది. అది మా ఇల్లే. దేవుడికి దణ్ణం పెట్టుకోమంటే విసుక్కునే మా వాడు గదిలో అగరుబత్తీలు ఎందుకు వెలిగిస్తున్నాడో, గంజాయి తాగుతున్నాడని రెండు నెలల కిందట బయటపడ్డాకే మాకు అర్థమైంది. చెల్లికి తెలియదనుకున్నాం. బొమ్మను జిల్లా స్థాయికి ఎంపిక చేశామని, పేరుతో ప్రదర్శిస్తామని టీచర్ ఫోన్ చేశారు. పరువు పోతుంది, తెచ్చి చించెయ్యమని మావారు అంటున్నారు. “నన్ను అమ్ముకుని బహుమతి తెచ్చుకుంటావా?” అని అబ్బాయి చెల్లిని అడిగాడు, ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మావారికి ఆదివారం మందు తప్ప మరో అలవాటు లేదు. మా ఇంట్లో ఇలా ఎందుకు జరిగిందో తెలియడం లేదు. బొమ్మ పంపమంటారా, వద్దంటారా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, టీచరుకు మీరు త్వరగా బదులు చెప్పాలి కాబట్టి ముందు బొమ్మ సంగతి తేల్చేస్తాను. మీ అబ్బాయి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తప్ప దాన్ని ప్రదర్శనకు పంపవద్దు. అయితే నేను వద్దనడానికి కారణం మీవారు చెబుతున్న పరువు కాదు. పరువు కోసం ఆ బొమ్మను చించేస్తే, ఇంట్లో కళ్లారా చూసినదాన్ని పైకి చెప్పడమే తప్పని మీ అమ్మాయికి నేర్పినట్లవుతుంది. రేపు ఆ పిల్లకే ఏ కష్టమో వచ్చినప్పుడు మీ దగ్గర నోరు విప్పదు. నా అభ్యంతరమల్లా, ఆ బొమ్మలోని కథలో సగం ఆమె అన్నయ్యది కావడమే. వైద్యం అందవలసిన కుర్రవాడి పరిస్థితిని అతని అనుమతి లేకుండా, చెల్లెలి పేరూ ఇంటిపేరూ రాసిన చీటీతో గోడకు తగిలిస్తే, చిన్న ఊళ్లో అది ఎవరి గదో పోల్చుకోవడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టదు. ఆ తరువాత అతను ఆ తలుపుకు లోపలినుంచి గడియ కూడా పెట్టుకుంటాడు.

ఇక బొమ్మ గీసిన పిల్ల విషయం. మీరు అబ్బాయి అలవాటు గురించి రాశారు, బొమ్మ గురించి రాశారు, అమ్మాయి మనసు గురించి మాత్రం ఒక్క మాటా రాయలేదు. అలవాటున్న పిల్లవాడి చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటే, ఏ గొడవా చేయని బిడ్డ గోడవారగా మిగిలిపోవడం ఇలాంటి ఇళ్లలో నేను తరచుగా చూసేదే కనుక మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ గడప దగ్గర అగరుబత్తీల పెట్టెను గీయాలని ఆమెకు తోచిందంటే, ఆ వాసన దేనికోసమో ఆమె ఎప్పుడో పసిగట్టి ఉండాలి, బహుశా మీకంటే ముందే. చెబితే అన్న మీద చాడీ చెప్పినట్లవుతుంది, చెప్పకపోతే అన్నకు ఏమవుతుందో తెలియదు. ఈ రెంటి మధ్య పద్నాలుగేళ్ల పిల్ల ఎన్ని రాత్రులు గడిపిందో మనం లెక్కకట్టలేం. బడిలో ఎవరో కాగితం ఇచ్చి, మాదకద్రవ్యాల గురించి గీయమనేసరికి తనకు తెలిసింది గీసింది. బహుమతి కోసం గీసినట్లు నాకు అనిపించలేదు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. ఇలాంటి పోటీలకు నేనూ రెండు మూడుసార్లు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ఐక్యరాజ్యసమితి 1987లో ఈ దినాన్ని ప్రకటించింది. ప్రతి ఏడూ ఆ తేదీకి బడి గోడల నిండా పుర్రెలు, సిరంజిలు, ఉరితాళ్లు, సిరంజిని చుట్టుకున్న పాములు వేలాడుతుంటాయి. పిల్లల తప్పేమీ లేదు, ఆ బొమ్మలకే మార్కులు వేసింది మనం. భయపెట్టడం వల్ల పిల్లలు మత్తుకు దూరంగా ఉంటారన్నదానికి ఆధారం లేదని, తోటివాళ్ల ఒత్తిడికి ఎదురునిలవడం, మనసు బాగోనప్పుడు ఏం చేయాలో తెలుసుకోవడం వంటివి సాధన చేయిస్తేనే కొంత ఫలితం ఉంటుందని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన నివారణ ప్రమాణాలు చెబుతున్నాయి. పుర్రెను చూసిన పిల్లవాడు “మన సీనియర్ రెండేళ్లుగా తాగుతున్నాడు, బానే ఉన్నాడుగా” అనుకుంటాడు. చల్లారిపోయిన అన్నం మీద మూత పెట్టిన పళ్లెం అలా తేలిగ్గా తోసిపుచ్చగలిగేది కాదు. దాన్ని ఎంపిక చేసిన టీచరు చూపును మెచ్చుకోవలసిందే.

మీరిద్దరూ కలిసి, అబ్బాయి ఇంట్లో లేని పూట అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకోండి. బొమ్మ చూశామని, అందులో ఉన్నది నిజమేనని, ఇన్నాళ్లూ తనొక్కతే మోయవలసి వచ్చినందుకు బాధపడుతున్నామని వాళ్ల నాన్న నోటితో చెప్పించండి. చించెయ్యమన్నది ఆయనే కనుక ఈ మాటా ఆయనే అనాలి. ఆ తరువాత “నీకెప్పుడు తెలిసింది, ఎవరెవరు వచ్చేవాళ్లు?” అని కూపీ లాగవద్దు. అన్న గదిలోకి తొంగిచూసి వచ్చి చెప్పే పని ఆమెకు ఎట్టి పరిస్థితుల్లోనూ అప్పజెప్పవద్దు. అన్నకు బాగయ్యేలా చూడటం అమ్మానాన్నల పని, తనది కాదని స్పష్టంగా వినాలి ఆ పిల్ల.

అబ్బాయితో మాట్లాడటానికి మాత్రం వేళ చూసుకోవాలి. కళ్లు ఎర్రబడి వచ్చిన రాత్రి, తండ్రి కోపంగా ఉన్న పూట, చుట్టాలు ఉన్నప్పుడు వద్దు. సెలవు రోజు ఉదయం టిఫిను అయ్యాక మేలు. “మమ్మల్ని ఇంత మోసం చేస్తావా” అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. మీరు చూసినవి మాత్రమే చెప్పండి: రాత్రి తొమ్మిదికి పెట్టిన అన్నం తెల్లారి అలాగే ఉంటోందని, తనతో మాట్లాడి చాలా రోజులైందని, తనేమైపోతాడోనని మీకు నిద్ర పట్టడం లేదని. మొదట ఎందుకు మొదలుపెట్టాడో అడిగి, జవాబు మీకు నచ్చకపోయినా చివరిదాకా వినండి. చదువు సాగక కొందరు, నిద్ర పట్టక కొందరు, స్నేహితుల్లో కలవడానికి కొందరు మొదలుపెడతారు. కారణాన్ని బట్టి చేయవలసిన సాయం మారుతుంది.

రోజూ తాగేవాళ్లు గంజాయి ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం, చెమటలు మొదలై, మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో అతను పళ్లెం తోసేస్తే అది పొగరు కాదు. ఈ అలవాటును నేరుగా మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఇప్పటికి లేదు. చికిత్సలో ముఖ్య భాగం కౌన్సెలింగే. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్లున్నా, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని అంటున్నా మంచి వేళ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లాలి. బయలుదేరే ముందు మీరే ఒకసారి మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సలహా సేవ టెలీ మానస్ 14416కు గానీ, మత్తు విముక్తి కోసం ఉన్న జాతీయ ఉచిత నంబరు 14446కు గానీ ఫోన్ చేయవచ్చు. రాత్రిపూట వ్యాను తెచ్చి, నలుగురు మనుషులతో కుర్రవాణ్ణి ఎత్తుకుపోయి మూడు నెలలు గదిలో పెడతామనే కేంద్రాలవాళ్లు మీలాంటి తల్లిదండ్రుల దగ్గరకు వస్తారు. వాళ్ల మాట వినవద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చికిత్సా కేంద్రాలు రిజిస్టరై ఉండాలి, రోగికి హక్కులున్నాయి.

పోలీసు కేసు అవుతుందేమోనన్న భయం మీ ఉత్తరంలో లేకపోయినా, మీవారి కోపం వెనక అదీ ఉండవచ్చు. గంజాయి తాగడం నేరమే. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకో కొద్ది పరిమాణంలో దొరికినందుకో అభియోగం ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేసుకుంటే శిక్ష కోసం విచారించరు. డాక్టరు దగ్గరకు వెళితే పోలీసులకు పట్టిస్తారనేది అపోహ. అమ్మేవాళ్ల వివరాలు చెప్పాలనుకుంటే రాష్ట్రంలో 2024లో ఏర్పడిన మాదకద్రవ్యాల నిరోధక పోలీసు విభాగం ఈగల్‌కు 1972 నంబరు ఉంది. కానీ ఆ పని కొడుకుతో సంధి కుదరకముందే చేయవద్దు.

ఉత్తరం చివర మీరు రాసిన ఆదివారం మందు మాట దగ్గర కాసేపు ఆగాను. మీ అబ్బాయి అలవాటుకు వాళ్ల నాన్నే కారణమని నేను అనను, అనలేను. కానీ మీరు మాట్లాడటానికి కూర్చున్న రోజు అతని నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే అవుతుంది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఢిల్లీ ఎయిమ్స్ వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో భంగు సహా గంజాయి రకాలు వాడేవారు 3 కోట్లకు పైగా ఉంటే, మద్యం తాగేవారు 16 కోట్లని తేలింది. మన ఇళ్లలో మాత్రం ఒకటి వ్యసనం, మరొకటి సరదా. “నాది లైసెన్సు దుకాణం సరుకు, నీది దొంగ సరుకు” అని తండ్రి వాదిస్తే ఓడిపోతాడు. కొడుకు చికిత్స నడిచినన్నాళ్లు ఇంట్లోకి సీసా తీసుకురాకుండా ఉండగలరేమో మీవారిని అడగండి. ఆయనకు అది కష్టమనిపిస్తే, మానడం ఎంత కష్టమో కొడుకుతో చెప్పుకోవడానికి ఆయన దగ్గర ఒక నిజాయితీగల మాట ఉంటుంది.

టీచరుకు ఫోను చేసి కారణాలన్నీ చెప్పనక్కరలేదు. “బొమ్మ మా ఇంటి విషయం మీద ఉంది, ప్రదర్శించడానికి మాకు ఇష్టం లేదు, దయచేసి అమ్మాయిని ఏమీ అడగకుండా తిరిగి ఇప్పించండి” అంటే చాలు. గడువులోపు అమ్మాయి మరో బొమ్మ గీస్తానంటే గీయనివ్వండి, గీయనంటే ఒత్తిడి చేయవద్దు. అంతకుముందు, తన బొమ్మ ఎందుకు వెనక్కి వస్తోందో మీ నోటితో ఆమెకు చెప్పండి. ఆమె కోప్పడుతుంది, పడనివ్వండి. వచ్చిన బొమ్మను మడతపెట్టకుండా చుట్టి, ఎక్కడ దాచాలో ఆమెనే అడగండి.