మంచు తుపానుకు మేయర్ పదవి పోతుందా?

ప్రశ్న: అమెరికా మహానగరాల మేయర్లు నగర భవిష్యత్తు గురించి ఎన్ని ప్రణాళికలు చెప్పినా, శీతాకాలంలో మంచుకే ఎక్కువ భయపడతారట. నిజమేనా?

నిజమే. షికాగో సంగతి చూడండి. 1979 జనవరి 13, 14 తేదీల్లో అక్కడ దాదాపు 20 అంగుళాల మంచు పడింది. అప్పటికే నేల మీద పాత మంచు పేరుకుని ఉంది. మేయర్ మైకేల్ బిలాండిక్ బడుల పార్కింగ్ స్థలాలు శుభ్రం చేయించామని, కార్లు అక్కడ పెట్టుకోవచ్చని చెప్పారు. తీరా జనం వెళ్లి చూస్తే అక్కడా మంచు దిబ్బలే! అంతకంటే పెద్ద తప్పు రైళ్ల విషయంలో జరిగింది. ఆలస్యం తగ్గించాలని నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేటల స్టేషన్లలో రైళ్లు ఆపలేదు. గడ్డకట్టే చలిలో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి కళ్లెదుటే రైలు ఆగకుండా పోతే, ఆ మంట ఓటు వేసేదాకా ఆరుతుందా?

ఫిబ్రవరి 27న జరిగిన డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో, జేన్ బర్న్ ఆయనను ఓడించారు. ఆమెను అంతకుముందు నగర ఉద్యోగం నుంచి తీసేసింది కూడా ఆయనే. ఏప్రిల్‌లో ఆమె షికాగో తొలి మహిళా మేయర్ అయ్యారు.

కొత్త రైలు మార్గం వల్ల మేలు జరిగిందా లేదా అన్నది తేలడానికి పదేళ్లు పడుతుంది. ఇంటి ముందు మంచు తీశారా లేదా అన్నది తెల్లవారగానే తెలిసిపోతుంది.

అయితే మంచు పడిన ప్రతిసారీ పదవి పోదు. 1969లో న్యూయార్క్‌లోని క్వీన్స్ వీధులు రోజుల తరబడి మంచులోనే ఉన్నాయి. మేయర్ జాన్ లిండ్సే తన పార్టీ ప్రైమరీలో ఓడినా, లిబరల్ పార్టీ తరఫున నిలబడి నవంబర్‌లో మళ్లీ గెలిచారు.