రిఫరెన్సుల పట్టికలో మన పేర్లు

ప్రశ్న: జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా మొదటి వ్యాసాన్ని ఒక జర్నల్‌కు పంపితే, సమీక్షకు వెళ్లకముందే ‘రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు’ అని తిప్పి పంపారు. మొత్తం 46 రిఫరెన్సులనూ చేత్తో టైపు చేశాను. తెలుగువారి పేర్లు వచ్చినచోట ఏది ముందు రాయాలో తెలియక ఒక్కోచోట ఒక్కోలా రాశాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టి సరిచేయాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ముందుగా ఆ జర్నల్ ‘రచయితలకు సూచనలు’ పేజీ తెరిచి, దానితోపాటు ఈ మధ్య అందులో అచ్చయిన వ్యాసం ఒకటి పక్కన పెట్టుకోండి. సూచనల్లో స్పష్టంగా లేని విషయాలు, అంటే వాక్యం మధ్యలో అంకె బ్రాకెట్లలో ఉండాలా, పైకి చిన్నగా ఉండాలా, ఫుల్‌స్టాప్‌కు ముందు రావాలా, తర్వాత రావాలా అన్నవి, అచ్చయిన వ్యాసం చూస్తే వెంటనే తెలిసిపోతాయి. మొదటిసారి పంపేటప్పుడు ఏ పద్ధతి అయినా ఫరవాలేదు, అంతటా ఒకేలా ఉంటే చాలు అనే జర్నళ్లు కూడా ఇప్పుడు చాలానే ఉన్నాయి. అందువల్ల ఇంకో జర్నల్‌కు పంపాలనుకుంటే అక్కడి నిబంధన చదివిన తర్వాతే శ్రమపడండి.

మీ రంగంలో ఎక్కువగా కనిపించేవి రెండు పద్ధతులు. ఒకటి, రచయిత పేరు, సంవత్సరం వాక్యంలోనే రాసి చివర అక్షరక్రమంలో పట్టిక ఇచ్చేది. రెండోది, వ్యాసంలో మొదట ప్రస్తావించిన వరుసలో అంకెలు వేసుకుంటూ పోయేది. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు వైద్య జర్నళ్ల సంపాదకులు సమావేశమై ఉమ్మడి నియమాలకు పునాది వేశారు కాబట్టి ఈ రెండోదానికి వాంకూవర్ పద్ధతి అన్న పేరు నిలిచింది. ఫాస్ఫరస్ పరిమాణం కొలిచే ఫిస్కే–సుబ్బారో పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఆ వ్యాసాన్ని వాంకూవర్ పద్ధతిలో ఇలా రాస్తారు: ఫిస్కే సీహెచ్, సుబ్బారో వై. ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400. చివరి అంకెలు వరుసగా సంవత్సరం, సంపుటం, పేజీలు. ఇక్కడ జర్నల్ పేరును (జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ) కుదించడానికి నిర్ణీతమైన రూపం ఉంది. సొంతంగా కుదించకుండా అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం కేటలాగులో చూసి రాయాలి. ‘నేచర్’ లాంటి ఒక్క మాట పేర్లను కుదించరు.

ఇదే రిఫరెన్సులో మీ రెండో సందేహానికీ జవాబు ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇంటిపేరు యల్లాప్రగడ. మన అలవాటు ప్రకారం అది ముందుంటుంది. పాశ్చాత్యుల పద్ధతిలో కుటుంబనామం చివర ఉంటుంది కాబట్టి వాళ్ల సూచికల్లో ‘సుబ్బారో’ కుటుంబనామం స్థానంలోకి వెళ్లి, తరతరాల ఇంటిపేరు ‘వై’ అనే ఒక్క అక్షరంగా మిగిలింది. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణ రావు గారి విషయంలోనూ అంతే. ఆయన ‘రావు సీఆర్’ అయ్యారు. ఆ ‘సీ’ అక్షరమే కల్యంపూడి. ఇది అన్యాయంగా తోచవచ్చు, నాకూ అలాగే తోస్తుంది. అయినా రిఫరెన్సు రాసేటప్పుడు మనం ఆ పేరును దిద్దకూడదు. ఎవరైనా ‘యల్లాప్రగడ ఎస్’ అని రాస్తే ఆ ఆధారంతో వెతికే పాఠకుడు వందేళ్ల నాటి ఆ వ్యాసాన్ని చేరుకోలేడు. పేరు వ్యాసం మొదటి పేజీలో ఎలా అచ్చయిందో, పబ్‌మెడ్ వంటి ఆన్‌లైన్ వ్యాస సూచికలో ఎలా నమోదైందో, అలాగే రాయడం సరైనది.

చిక్కంతా ‘కె. వెంకట లక్ష్మి’ లాంటి పేర్లతోనే. రిఫరెన్సులను అమర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ చివరి మాటనే కుటుంబనామంగా తీసుకుని ‘లక్ష్మి కేవీ’ అని రాసేస్తుంది. వ్యాసం సొంత పేజీలో ‘వెంకట లక్ష్మి కె’ అని ఉంటే, మీ సాఫ్ట్‌వేర్‌లో కుటుంబనామం గడిలో ‘వెంకట లక్ష్మి’ రెండు మాటలూ కలిపి మీరే నింపాలి. మీ సొంత పేరు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇది మీ మొదటి వ్యాసం కాబట్టి ఏ రూపం ఎంచుకున్నా మీ ఇష్టమే. ఎంచుకున్నాక మాత్రం చివరిదాకా దాన్నే వాడండి. పరిశోధకులకు ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా ఇస్తారు. అది తీసుకుంటే, పెళ్లి తర్వాత పేరు మారినా, ఇంటిపేరు పొట్టి అక్షరంగా మారినా, మీ వ్యాసాలన్నీ ఒకేచోట ఉంటాయి.

ఇక చేత్తో టైపు చేయడం ఈ రోజుతో మానేయండి. రిఫరెన్సులను అమర్చిపెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో వ్యాసం డీఓఐ సంఖ్య (ఆ వ్యాసానికి మాత్రమే ఉండే గుర్తింపు) ఇస్తే వివరాలు వాటంతటవే వచ్చి చేరతాయి. జర్నల్ మారినప్పుడు శైలి పేరు మారిస్తే 46 రిఫరెన్సులూ కొత్త రూపంలోకి వెళతాయి. అయితే యంత్రం రూపాన్ని మారుస్తుందే కానీ తప్పు వివరాన్ని ఒప్పు చేయదు. శీర్షిక మొత్తం పెద్ద అక్షరాల్లో రావడం, పేజీ సంఖ్యలు లేకపోవడం, జర్నల్ పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట కుదించి ఉండడం తరచూ చూస్తాం. ఒక్కో రిఫరెన్సునూ పీడీఎఫ్ మొదటి పేజీతో సరిచూడడానికి ఒక పూట కేటాయించండి.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉంది. వ్యాసంలోని సమాచార పట్టికలో (టేబుల్‌లో) మాత్రమే ఉదహరించిన రిఫరెన్సుకు, ఆ పట్టికను వ్యాసంలో మొదట ప్రస్తావించిన చోటును బట్టి అంకె రావాలి. పట్టికలను ఫైలు చివర పెడితే సాఫ్ట్‌వేర్ వాటికి చివరి అంకెలు వేస్తుంది. అందుకని రాసేటప్పుడు పట్టికను ప్రస్తావన పక్కనే ఉంచి, అంతా అయ్యాక ఫైలు నకలు తీసి, అందులో సాఫ్ట్‌వేర్ లింకులు తెంపి, అప్పుడు పట్టికను చివరకు జరపండి. లింకులున్న అసలు ఫైలును భద్రంగా దాచుకోండి. సవరణలకు తిరిగి వచ్చినప్పుడు అదే కావాలి.

ప్రశ్న: వేరే వ్యాసం చివర ఉన్న జాబితా నుంచి కొన్ని రిఫరెన్సులు, ఏఐ సాధనం ఇచ్చినవి కొన్ని తీసుకున్నాను. రూపం సరిగా ఉంటే సరిపోతుందా?
– ఒక అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: సరిపోదు. రూపం ఎంత చక్కగా ఉన్నా వెనుక వ్యాసమే ఉండకపోవచ్చు. జర్నళ్లు ప్రచురించే ఎల్సెవియర్ సంస్థ రిఫరెన్సు ఎలా రాయాలో చూపించడానికి తన సూచనల్లో వాన్ డెర్ గీర్ తదితరులు 2000లో రాసినట్టుగా ఒక నమూనా ఇచ్చింది. అలాంటి వ్యాసం గానీ, ఆ పేరుతో జర్నల్ గానీ లేవు. అయినా నమూనాను తమ ఫైళ్లలో మరచిపోయినవారి వల్ల, చదవకుండా ఎత్తిరాసుకున్నవారి వల్ల అది వందల వ్యాసాల రిఫరెన్సుల్లో చేరిపోయింది. ఏఐ ఇచ్చే జాబితాలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే నిజమైన జర్నల్ పేరు పక్కన లేని శీర్షికను అది ఎంతో నమ్మకంగా పెడుతుంది. ప్రతి డీఓఐనీ తెరిచి చూడండి. తెరిచిన వ్యాసం మీరు రాసిన వాక్యాన్ని నిజంగా సమర్థిస్తోందో లేదో చదివి తేల్చుకోండి.

ఉపసంహరించిన వ్యాసాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ బృందం వ్యాసాన్ని 1998లో ప్రచురించిన లాన్సెట్ జర్నలే 2010లో వెనక్కు తీసుకుంది. ఇలాంటివి మీ జాబితాలో ఉంటే జొటేరో ఎర్రటి హెచ్చరికతో చూపిస్తుంది. చరిత్ర చెప్పడానికి దాన్ని ఉదహరించక తప్పకపోతే, రిఫరెన్సు చివరనే ‘ఉపసంహరణ: లాన్సెట్. 2010;375:445’ అని చేర్చి, వ్యాసం లోపల కూడా ఆ మాట రాయండి.