మీ ప్రశ్న – మా జవాబు: ఓడ అడుగున మైను

ప్రశ్న: రేడియోలో పాట వేస్తే రేవులో ఓడలు పేలిపోయాయని మా తాతయ్య చెబుతుంటారు. నిజమేనా అండీ?
– ఇంటర్ విద్యార్థిని, కృష్ణలంక, విజయవాడ

జవాబు: నిజమేనమ్మా. 1971 ఆగస్టు 15 అర్ధరాత్రి దాటాక తూర్పు పాకిస్థాన్ (నేటి బంగ్లాదేశ్)లోని చిట్టగాంగ్, మంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల మీద ఒకే రాత్రి దాడి జరిగింది. పేరు ఆపరేషన్ జాక్‌పాట్. నీళ్ళలో దిగింది ముక్తి బాహిని, అంటే బంగ్లాదేశ్ విముక్తి సేన కుర్రాళ్ళు. ప్లాసీ దగ్గర భాగీరథి ఒడ్డున మే నెల నుంచి వాళ్ళకు ఈత, ఓడకు మైను (పేలుడు పెట్టె) అంటించే పని నేర్పింది మన నౌకాదళం. ఆకాశవాణి కలకత్తాలో మొదటి బెంగాలీ పాట వస్తే సిద్ధం కమ్మని, రెండోది వస్తే దిగమని గుర్తు.

వైర్‌లెస్ సెట్టు ఎందుకు వాడలేదంటే, సెట్టు మాట్లాడితే శత్రువుకు దాని జాడ దొరుకుతుంది. ట్రాన్సిస్టర్ వింటుందే తప్ప మాట్లాడదు, పల్లెటూళ్ళో ఎవరి చేతిలో ఉన్నా అనుమానం రాదు. పైగా నాలుగు రేవులూ ఒకే రాత్రి కావాలి. ఒక చోట ముందు పేలితే మిగతా మూడు చోట్లా కాపలా రెట్టింపవుతుంది. మొత్తం పథకంలో మాకు అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది.

ప్రశ్న: ఆ మైన్లకు నిరోధ్‌లు తొడిగారట. ఇది ఎవరో అల్లిన కథ కాదు కదా?
– మెకానిక్, ఆటోనగర్, విజయవాడ

జవాబు: కథ కాదు. లింపెట్ మైను అయస్కాంతాలతో ఓడ ఇనుప పొట్టకు అంటుకుంటుంది. దాని ఫ్యూజులో నీటికి కరిగే బిళ్ళ ఉంటుంది. బిళ్ళ కరిగాక, అది పట్టి ఉంచిన స్ప్రింగు వదులై పిన్ను కొడుతుంది. ఓడ చేరేదాకా మనిషి నీళ్ళలోనే ఉండాలి కదా! రబ్బరు తొడుగు లేకపోతే బిళ్ళ అతని పొట్ట మీదే కరగడం మొదలవుతుంది. అందుకే ఓడకు అంటించాక, ఆఖరి క్షణంలో తొడుగు లాగేవారు. ఈ ఉపాయం కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్ళలో బ్రిటిష్ వాళ్ళు లింపెట్ తయారుచేస్తూ ఆ బిళ్ళ స్థానంలో సోంపు మిఠాయి పెట్టి చూశారు. దానికీ ఇదే తొడుగు.

మైను బరువు సుమారు 5 కిలోలు. తుండుగుడ్డతో పొట్టకు బిగించి కట్టుకునేవారు. కాళ్ళకు ఫిన్‌లు (ఈత రెక్కలు), నడుముకు కత్తి. ఆ కత్తి కాపలావాడి కోసం అనుకుంటారు గానీ, దాని అసలు పని గీకడం. చాలాకాలం నీళ్ళలో ఉన్న ఓడ అడుగు గుల్లలతో, నాచుతో గరుకుగా ఉంటుంది. అయస్కాంతానికీ ఇనుముకూ మధ్య అంగుళం గుల్లలున్నా పట్టు చాలదు, మైను జారి అడుగుకు పోతుంది. మునిగి, చీకట్లో తడుముకుంటూ, చప్పుడు కాకుండా అరచేతులంత మేర శుభ్రం చేయాలి. అంటించేటప్పుడూ ఒక్కసారిగా వదిలితే ఠంగుమంటుంది, లోపల పడుకున్నవాడికి వినబడుతుంది. ముందు ఒక అంచు ఆనించి, నెమ్మదిగా రెండో అంచు వాల్చాలి.

నీటి మట్టానికి ఆరడుగుల కింద అంటిస్తేనే ఫలితం. పైన పెడితే పేలుడు సగం గాలిలోకి పోతుంది, చిల్లు పడ్డా నీరు రాదు. కింద పెడితే చుట్టూ ఉన్న నీరే పేలుడు బలాన్ని ఓడ లోపలికి నెడుతుంది. ఓడలో గదులు విడివిడిగా ఉంటాయి గనుక ఒక్క గదికి చిల్లు పడితే మునగకపోవచ్చు. అందుకే ఒక్కో ఓడకు ఒకటికి మించి మైన్లు. చిట్టగాంగ్‌లో అల్ అబ్బాస్, హర్ముజ్ అనే ఓడలు మునిగాయి. రేవులో మునిగిన ఓడ అక్కడే కూర్చుంటుంది, దాని వెనక వచ్చేవాటికీ దారి ఉండదు.

ప్రశ్న: నేను పున్నమి ఘాట్‌లో రోజూ ఈదుతాను. అంత బరువుతో వెళ్ళి, మళ్ళీ ఎలా తిరిగొచ్చారు?
– బ్యాంకు ఉద్యోగి, భవానీపురం

జవాబు: మీరు ఈదేది బ్యారేజీ ఎగువన నిలవనీటిలో. చిట్టగాంగ్ పక్కన పారే కర్ణఫులి సముద్రానికి దగ్గర. సుమారు ఆరు గంటలకోసారి పోటు, పాటు మారుతుంటాయి. నాగాయలంక పడవవాళ్ళను అడిగితే ఆ తేడా చెబుతారు. నీరు మారే వేళ చూసుకుని దిగాలి, ఏటవాలుగా ఈదాలి, దిగిన చోటికే చేరాలనుకోకూడదు. వీళ్ళు రేవుకు ఎదుటి ఒడ్డున దిగి, మైన్లు పెట్టి, మళ్ళీ అదే ఒడ్డున దిగువకు తేలారు. వెల్లకిలా, ముక్కు మాత్రమే పైన. చేతులు నీటి పైకి లేస్తే నురుగు కనబడుతుంది. ఆ ఏడాది శ్రావణ పౌర్ణమి ఆగస్టు 6న వెళ్ళింది గనుక 15న అర్ధరాత్రి దాటితే గానీ వెన్నెల లేదు.

అన్నీ కుదరలేదు. చిట్టగాంగ్‌కు 60 మందిని పంపితే 20 మంది జట్టు వేళకు చేరలేదు. చివరకు నీళ్ళలో దిగింది 31 మంది.

ప్రశ్న: పట్టుబడితే యుద్ధఖైదీలుగా చూస్తారా, గూఢచారులుగానా?
– న్యాయవాది, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చట్టం ప్రకారం యూనిఫాం, గుర్తు ఉంటే యుద్ధఖైదీ. కానీ 1942 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని బోర్డో రేవుకు ఇలాగే ఓడలకు మైన్లు పెట్టడానికి పడవల్లో వెళ్ళిన బ్రిటిష్ మెరైన్లు యూనిఫాంలోనే ఉన్నారు. బయల్దేరిన పదిమందిలో ఇద్దరు చలికి పోయారు, ఆరుగురిని పట్టుకుని జర్మన్లు కాల్చేశారు. కమాండోలను ప్రాణాలతో ఉంచవద్దని అదే ఏడాది అక్టోబరు 18న హిట్లర్ ఇచ్చిన ఆదేశమే దానికి ఆధారం. మిగిలింది ఇద్దరే. ఇక యూనిఫాం లేకుండా ఈదిన ముక్తి బాహిని వాళ్ళకు చట్టం రక్షణ ఏపాటిదో మీకు మేం చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మన పారా కమాండోలు అప్పుడు ఏం చేశారు?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: 1971 డిసెంబరు భారత్-పాక్ యుద్ధంలో రెండు దాడులు. ఎడారిలో లెఫ్టినెంట్ కల్నల్ భవానీ సింగ్ నాయకత్వాన 10 పారా (పారా కమాండో దళం) జీపుల్లో సరిహద్దు దాటి పాకిస్థాన్‌లోని చాచ్రో మీద పడింది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఉత్తరాన 9 పారా రాత్రివేళ పూంచ్ నది దాటి, మంధోల్ దగ్గర 122 ఎం.ఎం. ఫిరంగులు ఆరింటిని పేల్చేసింది.