శనివారం ఏమి చేస్తున్నావని అడిగితే

సందేహం: అక్కా, మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నర్సింగు చదివాను. వచ్చే సెప్టెంబరులో ఇంగ్లండులోని లీడ్స్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి వస్తున్నాను. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాను గానీ మాట్లాడేటప్పుడు ప్రెజెంట్ కంటిన్యువస్ టెన్స్ దగ్గర తడబడుతున్నాను. క్రియకు ‘ఇంగ్’ ఎక్కడ చేర్చాలో, ఎక్కడ చేర్చకూడదో తేలడం లేదు. వ్యాకరణం పుస్తకంలోని అభ్యాసాలన్నీ రెండుసార్లు చేశాను. ఇంకా ఎలా సాధన చేయాలి? అక్కడ గది, జీతం, బ్యాంకు ఖాతా సంగతులు కూడా చెప్పగలరా?

జవాబు: అమ్మాయీ, గుణుపురం పేరు చూడగానే నీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. మాది పర్లాకిమిడి. 2003 ఫిబ్రవరిలో నేను ఇల్లు వదిలింది మీ ఊరి నుంచి వచ్చే చిన్న రైలులోనే. నౌపడలో దిగి, పెద్ద రైలెక్కి విశాఖపట్నం చేరేసరికే నాకు సగం ప్రపంచం దాటినట్టు అనిపించింది. ఒంటరిగా వచ్చిన దాన్ని. ఈ రోజు సొంత ఇల్లుంది, ఇద్దరు పిల్లలు ఎదిగివచ్చారు, పనిచేసేచోట నా మాట వినే మనుషులున్నారు. ఇవన్నీ ఎవరూ చేతిలో పెట్టలేదు. అందుకే కాస్త పెద్దరికం తీసుకుని చెబుతాను, ఓపికగా విను.

గది, బ్యాంకు, వీసా నియమాలు ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో స్పష్టంగా ఉంటాయి. అవి మారుతూ ఉంటాయి కాబట్టి నా మాట నమ్మకుండా అక్కడే చూసుకో. ఆ పనులు ఎలాగూ అయిపోతాయి. నా దిగులు నీ శనివారం సాయంత్రాల గురించి. నువ్వు అడిగిన వ్యాకరణానికీ దానికీ సంబంధం ఉంది. అది తెలియక నేను దాదాపు ఏడాది పాటు మనుషుల మధ్య ఉండి కూడా ఒంటరిగా బతికాను.

ముందు పుస్తకం సంగతి. ‘చేస్తూ ఉన్నాను’ కలిసిపోయి మనకు ‘చేస్తున్నాను’ అయింది. ఇంగ్లీషువాళ్ళూ ఈ రెండు ముక్కలే వాడతారు. ఉండడం అనే భాగాన్ని యామ్, ఈజ్, ఆర్ మోస్తాయి, చేయడం అనే భాగానికి ‘ఇంగ్’ తగులుతుంది. నీకు ఒడియా కూడా వచ్చు కాబట్టి ‘కరే’ అంటే అలవాటుగా చేసేదనీ, ‘కరుఛి’ అంటే ఇప్పుడు చేస్తున్నదనీ వేరే చెప్పక్కరలేదు. రెండు భాషల్లోనూ ఉన్న తేడాను మూడో భాషలో పట్టుకోలేకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. ‘మేక్’ చివరి అక్షరం ఎప్పుడు పోతుంది, ‘రన్’ చివరి అక్షరం ఎందుకు రెట్టిస్తుంది లాంటివి నీ పుస్తకమే బాగా చెబుతుంది. పుస్తకం చెప్పనివి నేను చెబుతాను.

మొదటి నెలలో ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకు ఉన్నాను. సాయంత్రం భోజనం ఆవిడే పెట్టేది. ఇంగ్లండు ఉత్తరాదివాళ్ళు ఆ భోజనాన్ని ‘టీ’ అంటారు, అదీ గుర్తుపెట్టుకో. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ గడప దగ్గర నిలబడి, మన ఇళ్ళలో ‘వస్తాను’ అన్నట్టుగా, ఒడియావాళ్ళు ‘ఆసుఛి’ అన్నట్టుగా, ‘ఐ యామ్ కమింగ్’ అని చెప్పి బయటపడ్డాను. వెళ్తున్నాను అనడానికి మనకు నోరు రాదు కదా. ఆవిడ వంటింట్లో ఉంది. భోజనానికి వస్తున్నానని చెప్పాననుకుంది. రాత్రి పదిన్నరకు తిరిగి వచ్చేసరికి బల్లమీద నా కంచం, దానిమీద బోర్లించిన మరో కంచం, కింద చల్లారిపోయిన చేపముక్క. ఆవిడ కూడా తినలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు నెల తరవాతగానీ తెలియలేదు. నువ్వు గడప దాటేటప్పుడు మనసులో ‘వస్తాను’ అనుకో, పైకి మాత్రం వెళ్తున్నానని, ఫలానా గంటకు తిరిగి వస్తానని చెప్పు. అపశకునం ఏమీ కాదు.

పనిలో చేసిన తప్పు ఇంకా పెద్దది. డ్యూటీ అప్పగించేటప్పుడు ఒక పెద్దాయన గురించి ‘హి డజంట్ డ్రింక్ టీ’ అన్నాను. ఆ పూట ఆయన తాగడం లేదని చెప్పడం నా ఉద్దేశం. విన్నవాళ్ళు ఆయనకు టీ అలవాటే లేదనుకున్నారు. రాసి పెట్టుకున్నారు కూడా. రెండు రోజులు ఆయన ముందుకు టీ కప్పు రాలేదు. ‘తాగడు’, ‘తాగడం లేదు’ అనే రెండు మాటలకూ ఎంత తేడా ఉందో మన చంటిపిల్లలకు కూడా తెలుసు. నేను ఇంగ్లీషులో మాట్లాడుతున్నానన్న కంగారులో దాన్ని వదిలేశాను. రోగి గురించి నోరు తెరిచే ముందు వాక్యాన్ని ఒక్కసారి తెలుగులో అనుకో. ‘తినడు’ అని వస్తే ‘డజంట్’, ‘తినడం లేదు’ అని వస్తే ‘ఈజంట్’, ఆ తరవాత ‘ఇంగ్’. ఇక్కడ తెలుగు నిన్ను మోసం చేయదు.

మోసం చేసే చోటు వేరే ఉంది. దాన్ని నాకు చూపించింది ఇంకో ముసలావిడ కళ్ళు. మా వృద్ధాశ్రమంలో కిటికీ పక్క కుర్చీ ఆవిడది. వయసుతో చూపు మధ్యభాగం పోయింది. వెలుతురూ నీడలూ తెలుస్తాయి గానీ మనిషి ముఖం తెలియదు. మధ్యాహ్నం మూడింటికి నేను మందులిచ్చి వెళ్ళబోతుంటే నా చెయ్యి పట్టుకుని, బయట ఏమి జరుగుతోందో చెప్పమనేది. ఎదురుగా బస్సు ఆగే చోటు, ఒక బెంచీ, మూలమీద తపాలా పెట్టె. మొదటి రోజు నేను చెప్పిన వాక్యం ‘హి సాట్ ఆన్ ది బెంచ్’. ఆవిడ వెంటనే, ‘మరి లేచి ఎటు వెళ్ళాడు?’ అని అడిగింది. ఎటూ వెళ్ళలేదు, కూర్చున్నాడు అన్నాను, మళ్ళీ అదే ‘సాట్’తో. ఆవిడ అయోమయంగా కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. మర్నాడు ఎర్రకోటు వేసుకున్న మనిషి గురించి ‘హి వోర్ ఎ రెడ్ కోట్’ అన్నాను. ‘ఇప్పుడు విప్పేశాడా, ఇంత చలిలోనా?’ అంది.

మూడో రోజుకు నాకు తట్టింది. మనం కూర్చున్నాడు, నిలుచున్నాడు, పడుకున్నాడు, చొక్కా వేసుకున్నాడు, గొడుగు పట్టుకున్నాడు అంటాం. పని జరిగిపోయింది, దాని ఫలితం కళ్ళముందు నిలిచి ఉంది, మనకు అంతే చాలు. ఇంగ్లీషులో ఆ మనిషి కూర్చుని ఉన్నంతసేపూ ఆ పని సాగుతున్నట్టే లెక్క: ఈజ్ సిటింగ్, ఈజ్ స్టాండింగ్, ఈజ్ వేరింగ్, ఈజ్ హోల్డింగ్. మనం ‘వేసుకుంటున్నాడు’ అన్నామంటే చేతులు ఇంకా కోటు చేతుల్లో దూరుతున్నాయన్నమాట. దానికి వాళ్ళు ‘ఈజ్ పుటింగ్ ఆన్’ అనే వేరే మాట వాడతారు. ఈ అయిదారు క్రియలూ రాసి పెట్టుకో. మన తెలుగువాళ్ళు ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉండి కూడా వీటి దగ్గర తప్పుతారు.

ఆ తరవాత రోజూ పావుగంట ఆవిడకు వీధి చూపించడం నా పని అయిపోయింది. తపాలా మనిషి రోడ్డు దాటుతున్నాడు, సంచిలో ఏదో వెతుకుతున్నాడు, కుక్క అతని వెనక నడుస్తోంది, అమ్మాయి గొడుగు ముడుస్తోంది. నేను తప్పు చెబితే ఆవిడ కళ్ళముందు బొమ్మ చెదిరిపోయేది, వెంటనే అడిగేది. ఒప్పు చెబితే నవ్వేది. పుస్తకంలో ఖాళీలు పూరించడం వల్ల నాకు రానిది ఆ కిటికీ దగ్గర మూడు నెలల్లో వచ్చింది. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ మన కొండల్లోని సవరల భాష నేర్చుకున్నది కూడా ఆ భాష మాట్లాడేవాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకునే. ఆయన సవర భాష గురించి ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆ భాషకు పుస్తకాలెక్కడివి? నీకు ఇన్ని పుస్తకాలున్నాయి, ఫోనులో పాఠాలున్నాయి, అయినా ఎదుట మనిషి లేకపోతే లాభం లేదు.

ఇప్పటి నుంచే మొదలుపెట్టు. తమ్ముడో చెల్లెలో ఉంటే అరుగుమీద వీధికి వీపు పెట్టి కూర్చోమను. నువ్వు వీధి చూస్తూ ఇంగ్లీషులో చెప్పు, వాళ్ళు విన్నదాన్ని తెలుగులో తిరిగి చెప్పాలి. బొమ్మ కుదరకపోతే తప్పు నీ వాక్యంలో ఉన్నట్టే. రోజూ పది నిమిషాలు. ఇంతకన్నా మంచి అభ్యాసం ఏ పుస్తకంలోనూ లేదని నేను ధైర్యంగా చెప్పగలను.

‘ఇంగ్’ పెట్టకూడని చోట్లకు ఒక గుర్తు చెబుతాను, ఇది నేను సొంతంగా కనిపెట్టుకున్నది. తెలుగు వాక్యం ‘నాకు’ అని మొదలైతే ఆగు. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు ఇద్దరు అన్నలున్నారు. వీటిలో వేటికీ ఇంగ్లీషులో ‘ఇంగ్’ రాదు. అర్థమవుతోంది, వినిపిస్తోంది, ఆకలి వేస్తోంది అని మన క్రియ సాగుతున్నా సరే, అక్కడా ‘నాకు’ ఉంది కాబట్టి చాలావరకు ‘ఇంగ్’ ఉండదు. నేను వచ్చిన కొత్తలో ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనేదాన్ని. అదే ‘హావింగ్’ భోజనం చేస్తున్నానని చెప్పడానికి సరిపోతుంది, ఎందుకంటే అప్పుడు అది తినడం.

ఇక ‘ఉంటున్నాను’ దగ్గర జాగ్రత్త. ఎవరడిగినా ‘ఐ యామ్ లివింగ్ ఇన్ లీడ్స్’ అనేదాన్ని. తాత్కాలికంగా ఉంటున్నానని వాళ్ళకు వినిపించేది. ఎప్పుడు వెళ్ళిపోతావని ఒకామె మర్యాదగానే అడిగింది. వెళ్ళిపోయే మనిషితో ఎవరు స్నేహం పెంచుకుంటారు? ‘ఐ లివ్’ అను. ఉండడానికే వచ్చావని తెలియాలి.

ఇప్పుడు అసలు సంగతి. నవంబరులో ఒక గురువారం, నాతో పనిచేసే ఆమె టీ తాగుతూ, ‘వాట్ ఆర్ యూ డూయింగ్ ఆన్ సాటర్డే?’ అని అడిగింది. మన ఊళ్ళో పిలవదలచుకున్నవాళ్ళు ‘ఆదివారం ఇంటికి రా’ అంటారు, లేదా వాళ్ళే తలుపు తట్టి వస్తారు. డ్యూటీ మార్చుకోవడానికి అడుగుతోందనుకున్నాను. ఖాళీగా ఉన్నానంటే సోమరినని అనుకుంటుందేమోనన్న భయం కూడా ఉంది. బట్టలు ఉతుకుతున్నాను, తరవాత వంట చేస్తున్నాను, సాయంత్రం అమ్మకు ఫోను చేస్తున్నాను అని చక్కగా, ఒక్క వ్యాకరణ దోషం కూడా లేకుండా చెప్పాను. ‘ఓహో, సరే అయితే’ అని ఆమె కప్పు కడుక్కుని వెళ్ళిపోయింది. సోమవారం మాటల్లో తెలిసింది, శనివారం ఆమె పుట్టినరోజు, మా పని జట్టులో నేను తప్ప అందరూ వాళ్ళింటికి వెళ్ళారని. నన్ను పిలవలేదని ఎంత బాధపడ్డానో. నన్ను పిలిచింది. నేనే కాదన్నాను.

ఆ శనివారం నేను నిజంగానే బట్టలు ఉతికాను. హీటరు ముందు ఆరబెట్టుకుని, అయిదు పౌండ్ల ఫోను కార్డు గీకి అంకెలు నొక్కాను. అమ్మ ఎత్తగానే ‘ఏమి చేస్తున్నావు తల్లీ?’ అంది. స్నేహితులతో కూర్చున్నానని చెప్పాను. గదిలో హీటరు చప్పుడు తప్ప మరేమీ లేదు. అలాంటి శనివారాలు ఎన్ని గడిపానో నేను లెక్కపెట్టలేదు. ఇంకో ఇద్దరు అదే ప్రశ్న అడిగారు, ఇద్దరికీ నా పనుల జాబితా చదివి వినిపించాను. చివరికి కిటికీ దగ్గరి ముసలావిడతో చెప్పుకుంటే, ఆవిడ నా చెయ్యి తట్టి, వాళ్ళు నీ పనులు అడగడం లేదమ్మా, నీకు వీలుందా అని అడుగుతున్నారు అంది. రాబోయే రోజుకు ముందే అనుకున్న పనిని కూడా ఈ ‘ఇంగ్’తోనే చెబుతారు. మనమూ ‘రేపు ఊరు వెళ్తున్నాను’ అంటాం కదా. ఆ ప్రశ్నకు ‘నథింగ్ మచ్, వై?’ అని జవాబివ్వమని ఆవిడే నేర్పింది. చివర్లో ఆ ‘వై’ మరిచిపోవద్దు. దానితోనే తలుపు తెరుచుకుంటుంది. డ్యూటీ మార్చుకోవడానికే అడిగి ఉంటే అప్పుడు కాదనవచ్చు.

నీకు జీతం ఎంత వస్తుందో, గది అద్దె ఎంత పోతుందో నేను అడగను. ఎలాగో సర్దుకుంటావు, మన ప్రాంతం ఆడపిల్లలకు ఆ నేర్పు ఉంది. కానీ వచ్చిన వారంలోనే ఎవరో ఒకరిని ఆ ప్రశ్న నువ్వే అడుగు. కాదంటే ఇంకొకరిని అడుగు. చలికాలం రాకముందే అడుగు, నవంబరు చివరికల్లా ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

సెప్టెంబరు చివరి శనివారం మా ఇంట్లో పప్పుచారు కాస్తున్నాను, బరంపురం నుంచి తెప్పించిన అప్పడాలు వేయిస్తున్నాను. ఆ రోజు నువ్వు ఏమి చేస్తున్నావు?