అడిగితేనే నిమురు

బొబ్బిలి

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒళ్లో కూర్చున్న పిల్లి ఉన్నట్టుండి నీ చెయ్యి కొరికి దూకేసిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉన్నట్టుండి కరిచే పిల్లులు తక్కువ తల్లీ. అది ముందే చెప్తుంది, మనమే చూసుకోం. ఈసారి తోక మీద కన్నేసి ఉంచు. తోక టపటపా కొడుతోందంటే విసుగు మొదలైందన్నమాట. తర్వాత చెవులు పక్కకి వాలతాయి, వీపు మీద చర్మం ఒక్కసారి జలదరిస్తుంది, తల చటుక్కున నీ చేతి వైపు తిరుగుతుంది. అప్పటికీ చెయ్యి తియ్యకపోతే ఇక పళ్లకి పని చెప్తుంది. గురగురలాడుతోంది కదా అని ధీమా పడకు, నొప్పితో ఉన్న పిల్లి కూడా ఒక్కోసారి గురగురలాడుతుంది.

ముందు వేలు చాపి, దాని ముక్కుకి కాస్త ఎడంగా పెట్టి ఊరుకో. వాసన చూసి బుగ్గ రాసిందా, సరే అన్నట్టు. మొహం తిప్పుకుందా, ఈ పూటకి వద్దన్నట్టు. బుగ్గలు, గడ్డం కింద, చెవుల మొదళ్లు, ఈ చోట్ల దానికి వాసన గ్రంథులుంటాయి. గుమ్మానికీ నీ కాళ్లకీ తెచ్చి రాసేది అవే. అక్కడ నిమిరితే చాలా పిల్లులకి హాయి. మీసాల జోలికి పోకుండా, బొచ్చు ఏ వైపు వాలి ఉంటే ఆ వైపే నిమురు. రెండు మూడు సార్లయ్యాక చెయ్యి ఆపెయ్. కిటుకంతా ఈ ఆపడంలోనే ఉంది. తల తెచ్చి చేతిని తోసిందంటే ఇంకా కావాలని. కదలకపోతే చాలని.

వెల్లకిలా పడుకుని పొట్ట చూపించిందంటే నీ దగ్గర భయం లేదని, అంతే, ముట్టుకోమని కాదు. తోక మొదట్లో నిమిరితే కొన్ని నడుం ఎత్తుతాయి, కొన్నిటికి అస్సలు గిట్టదు.

గుడ్లప్పగించి చూడకు. మెల్లగా కళ్లు మూసి తెరువు. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఇదే పరీక్షించి, అలా చేసిన మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తున్నాయని తేల్చారు. చేతిలో ఎండు నెత్తళ్లుంటే ఏ పరీక్షా అక్కర్లేదనుకో!

కొరికిన చోట రక్తం కనబడితే పసుపు అద్ది ఊరుకోకు. ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకో. పిల్లికీ వేయించావా లేదా? రోజూ నిమిరించుకునేది హఠాత్తుగా ఒళ్లు ముట్టనివ్వకపోతే పశువుల డాక్టరుకి చూపించు.

సిరిమాను పండక్కి విజయనగరంలో మీ ఇంటి నిండా చుట్టాలే కదా. పిల్లలకి చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం. బీరువా మీద పాత దుప్పటి ఒకటి పరిచి ఉంచు. అది పైకెక్కితే దించొద్దని పిల్లలకే కాదు, మీ మావయ్యకి కూడా చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ