సోలార్ ప్లేట్లకు నానో కోటింగ్ వేయించాలా? మా మిద్దె మీద చూసింది చెబుతాను

చిత్తూరులో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నామని రాశారు. 3 కిలోవాట్ల సోలార్ కోసం వచ్చిన ఏజెంటు ఇంకో 12,000 ఇస్తే ప్లేట్ల మీద నానో కోటింగ్ అనే సన్నటి పూత వేస్తామని, దాంతో కరెంటు 25 శాతం ఎక్కువ వస్తుందని చెప్పాడట. నమ్మొచ్చా అని అడిగారు. నన్నడిగితే వేయించకండి. మాది తిరుపతి. 2024 ఏప్రిల్‌లో 540 వాట్ల ప్లేట్లు ఆరు పెట్టించాం. ఈ కోటింగ్ సంగతి మేం కొంత నష్టపోయి తెలుసుకున్నాం. మీకు ఆ నష్టం రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 25 శాతం లెక్క చూద్దాం. ప్లేటు పైన ఉండేది గాజు. మామూలు గాజు మీద ఎండ నేరుగా పడితే పై ముఖం నుంచి వెనక్కి పోయేది సుమారు 4 శాతమే, మిగతాదంతా లోపలికి దిగుతుంది. గాజు మీద ఎంత గొప్ప పూత పూసినా అది మనకు మిగిల్చేది ఆ నాలుగులోంచే కదా, 25 ఎక్కడి నుంచి తెస్తారు? పైగా ఇప్పుడు అమ్మే ప్లేట్లలో చాలావాటికి ఆ పని ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది. గాజు మీద సిలికాతో కంటికి కనిపించనంత సన్నటి పొర వేసి పంపిస్తారు.

గాజు లోపల, ఎండను కరెంటుగా మార్చే సిలికాన్ పలకను సెల్లు అంటారు. దాని మీద ఇంకో పొర ఉంటుంది. ప్లేట్లలో కనిపించే నీలం పెయింటా అని అడిగారు చూడండి, దాని జవాబు ఇక్కడే ఉంది. సిలికాన్ సహజంగా మెరిసే పదార్థం. దాన్ని అలాగే వదిలేస్తే మీద పడిన వెలుతురులో 30 శాతానికి పైగా వెనక్కి కొట్టేస్తుంది. అందుకని సిలికాన్ నైట్రైడ్ అనే పదార్థాన్ని సుమారు 75 నానోమీటర్ల మందాన పూస్తారు. అంటే మన తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. ఆ మందానికి మిగతా రంగులు బాగా లోపలికి వెళ్లి, నీలం మాత్రం కొద్దిగా వెనక్కి వస్తుంది. మన కంటికి కనిపించేది ఆ కొద్దిపాటి నీలమే. అక్కడ రంగు వేసినవాళ్లెవరూ లేరు.

ఇక మా ఇంట్లో జరిగింది. ప్లేట్లు పెట్టిన కొత్తలో మా మామగారు వాటిని కంటికి రెప్పలా చూసుకునేవారు. ప్రతి ఆదివారం టిఫిన్ అయ్యాక, అంటే పది గంటల ఎండలో, బోరు మోటరు వేసి పైపుతో కడిగేవారు. మా బోరువి ఉప్పు నీళ్లు. వేడి గాజు మీద అవి నిమిషాల్లో ఆరిపోయి, వెనకాల తెల్లటి మచ్చలు వదిలేవి. నాలుగైదు నెలలకు బిందె అడుగున పట్టినట్టు గార పట్టింది. మంచి ఎండ ఉన్న రోజు 13, 14 యూనిట్లు చూపించే యాప్ 11 దగ్గర ఆగిపోయింది. ఆ గార పోగొట్టాలని ఒకరోజు ఆయన గిన్నెలు తోమే పచ్చ పీచు, సబ్బు పౌడరు తీసుకుని రెండు ప్లేట్లు గట్టిగా రుద్దారు. మచ్చలు పోయాయి, వాటితోపాటు ఫ్యాక్టరీ పూత కూడా చాలావరకు పోయింది. ఇప్పటికీ సాయంత్రం పక్కనుంచి చూస్తే నాలుగు ప్లేట్లు నల్లగా ఉంటాయి, ఆ రెండింట్లో మాత్రం మబ్బులు అద్దంలో చూసినట్టు కనిపిస్తాయి. వాటి మీద పడిన ఎండలో కొంత రోజూ వృథాగా వెనక్కి పోతోందన్నమాట. దీనికి మామగారిని ఏమీ అనలేను. బిగించినవాళ్లు డబ్బు తీసుకుని వెళ్లారు గానీ, ఏ నీళ్లు వాడాలో, ఏది రుద్దకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. ప్లేటుతో వచ్చిన కాగితం ఆ తర్వాత వెతికి చదివాను. గరుకు బ్రష్‌లు, ఘాటు రసాయనాలు వాడొద్దని అందులో స్పష్టంగా ఉంది.

ఇప్పుడు మేం చేసేది చాలా మామూలు పని. సూర్యుడు రాకముందే, గాజు చల్లగా ఉన్నప్పుడు, మున్సిపాలిటీ కొళాయి నీళ్లతో తడిపి మెత్తటి గుడ్డ మాపుతో తుడిచి, రబ్బరు వైపర్‌తో నీళ్లు దించేస్తాం. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు కాబట్టి వాటిని బకెట్లో పట్టి చివర్లో ఒకసారి పోస్తాం. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. మిగిలిన నాలుగు ప్లేట్ల గారను వెనిగర్ బాగా పలచన చేసి, రుద్దకుండా నానబెట్టి తీశాం. యాప్ మళ్లీ 13 చూపించింది.

మా వీధిలో ఒకాయన మీరు చెప్పిన నానో కోటింగే వేయించారు. మొదట్లో చూడ్డానికి బాగుండేది, తామరాకు మీద జారినట్టు నీళ్లు జారిపోయేవి. ఒక ఎండాకాలం దాటేసరికి ఆ జారుడు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఇలాంటి పూతలు అరిగిపోతాయి. నాకు ఇంకో సంగతి కూడా తోచింది. తామరాకు శుభ్రంగా ఉండాలంటే దాని మీద నీళ్లు పడాలి. మన దగ్గర దుమ్ము ఎక్కువగా పేరుకునేది ఫిబ్రవరి నుంచి మే దాకా, అప్పుడు వానే అరుదు. జారడానికి చినుకు లేనప్పుడు ఆ పూత ఏం కడుగుతుంది? ఎలాగూ మనమే తుడవాలి. బయటివాళ్లు పూసిన పూత వల్ల ప్లేటు పాడైతే కంపెనీ వారంటీ ఇవ్వకపోవచ్చు. అది కూడా కాగితంలో చూసుకోండి.

వేడి తగ్గించే కోటింగ్ గురించి కూడా అడిగారు. ప్లేటు మీద రాసిన 540 వాట్లు సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. అక్కడి నుంచి ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం సెల్లు 65 డిగ్రీలకు చేరిందంటే 12 నుంచి 16 శాతం పోయినట్టే. మాకు మే కంటే మార్చిలోనే ఎక్కువ యూనిట్లు వచ్చిన రోజులున్నాయి. దీనికి గాలి ఆడటమే మందు. ప్లేట్లను మిద్దెకు ఆనించి బిగించనివ్వకండి, కింద బాగా ఖాళీ వదలమనండి. మిద్దెకు వేసే తెల్లటి కూల్ పెయింట్ మాత్రం మంచిదే. ఎండను వెనక్కి పంపి కింది గదుల్ని చల్లబరుస్తుంది. ప్లేట్ల కింద ఎటూ నీడే కాబట్టి మిగిలిన చోట వేయిస్తే చాలు.

అసలు తికమకంతా కోటింగ్ అన్న ఒక్క మాటతోనే. ప్లేటు మీది పూత వెలుతురును లోపలికి రానివ్వాలి, మిద్దె మీది తెలుపు దాన్ని వెనక్కి కొట్టాలి. సోలార్ వాటర్ హీటర్ గొట్టాల్లోని నల్ల పూతది వేరే పని. అది ఎండను తాగేసి, ఆ వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఇజ్రాయెల్‌లో హ్యారీ టేబర్ అనే శాస్త్రవేత్త 1950లలో ఇలాంటి పూతను తయారు చేశాక సోలార్ హీటర్లు ఇంకా బాగా పనికొచ్చాయి. తిరుమలలో 2002లో అన్నదానం వంటకు ఆవిరి కోసం పెట్టిన, ఎండను ఒకచోటికి చేర్చే 106 సోలార్ డిష్‌లకైతే అద్దంలా మెరవడమే పని. ఒకదానికి మేలు చేసేది ఇంకోదానికి చెరుపు. అందుకే ఎవరైనా సోలార్ కోటింగ్ అంటే, ఎక్కడ పూసేది, ఏం పని చేసేది అని ముందు అడగండి. గోడకు పూస్తే కరెంటు ఇచ్చే పెయింట్ ఇంకా పరిశోధనశాలల్లోనే ఉంది, ఎవరైనా అమ్మజూపితే డబ్బివ్వకండి.

కరెంటు పోతే సోలార్ పనిచేస్తుందా అంటే, బ్యాటరీ లేకుండా, మిగిలిన కరెంటును లైన్‌కు పంపే మామూలు నెట్ మీటరు పద్ధతిలో పనిచేయదు. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని, ప్లేట్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. సబ్సిడీ పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000. ఈ కోటింగ్ ఖర్చు దానిలోకి రాదు.

మీ మిద్దెకు దక్షిణాన మామిడిచెట్టు ఉందన్నారు. నాకు కోటింగ్ కంటే దాని గురించే టెన్షన్. ప్లేట్లన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద కొమ్మ నీడ పడినా మిగతావాటి మీద ప్రభావం ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా వాలినప్పుడు నీడ ఇంకా పొడుగవుతుంది. చెట్టు కొట్టొద్దు. నీడ ఎంతవరకు వస్తుందో చూసి ప్లేట్లను ఉత్తరం అంచుకు జరపమనండి. ఇల్లు ఇంకా కడుతున్నారు కాబట్టి, ఆ 12,000లో కొంత పెట్టి మున్సిపాలిటీ నీళ్ల సంపు నుంచి మిద్దె మీదకు విడిగా ఒక పైపు, చివర ఒక కొళాయి పెట్టించుకోండి. బోరు లైనుతో దాన్ని కలపొద్దని ప్లంబర్‌కు దగ్గరుండి చెప్పండి.