తాతగారి కత్తితో గడ్డం గీసుకుంటున్నా, మెడంతా చీము పొక్కులు.. మానేయాలా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తాతగారి, అంటే నాన్నగారి తండ్రి, ట్రంకు పెట్టెలో పాత మంగలి కత్తి దొరికింది. దాని మీద సోలింగెన్ అని చెక్కి ఉంది. వీధిలో సైకిల్ మీద సాన పట్టడానికి వచ్చే అతనితో పదును పెట్టించి, మూడు వారాలుగా రోజూ దాంతోనే గడ్డం గీసుకోవడం నేర్చుకుంటున్నాను. వెంట్రుకల్ని లాగుతోంది, తర్వాత బాగా మంట. గడ్డం కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు లేచాయి, కొన్నింట్లో చీముంది. మొన్న దవడ దగ్గర తెగితే రక్తం ఆగడానికి 20 నిమిషాలు పట్టింది. తుప్పు కత్తి కాబట్టి ధనుర్వాతం వస్తుందని అమ్మ టెన్షన్ పడుతోంది. నాన్నగారేమో ముచ్చటపడి తనూ దీంతోనే గీసుకుంటానంటున్నారు. ఆయనకు షుగర్ ఉంది, రెండేళ్ల కిందట స్టెంట్ కూడా వేశారు. నేను మానేయాలా?

జవాబు: మీరు మానేయక్కర్లేదు, కొన్నాళ్లు ఆపితే చాలు. మీ నాన్నగారు మాత్రం అసలు మొదలుపెట్టొద్దు. ముందు ఆయన సంగతే చెబుతాను.

స్టెంట్ వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరినో, క్లోపిడోగ్రెలో, కొందరికి రెండూనో ఇస్తాం. అవి వాడేవాళ్లకు గోరంత గాటు పడినా చాలాసేపు కారుతూనే ఉంటుంది. దానికి తోడు షుగర్ అదుపులో లేకపోతే ఆ గాటు ఒక పట్టాన మానదు, చీము మాత్రం తొందరగా పడుతుంది. ఆయనకు కరెంటు ట్రిమ్మర్ కొనివ్వండి. ఇంకో మాట, గడ్డం దగ్గర రక్తం ఆగడం లేదని గుండె మాత్రలు రెండు రోజులు తమంతట తామే ఆపేసి, ఆ తర్వాత ఛాతీ నొప్పితో ఆస్పత్రికి వచ్చినవాళ్లను నేను చూశాను. స్టెంట్ మూసుకుపోతే వచ్చేది గుండెపోటు. గుండె డాక్టర్ చెప్పకుండా ఆ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకూడదని ఆయనకు గట్టిగా చెప్పండి.

ఆయనకు షుగర్, స్టెంట్ లేకపోయినా ఒకే కత్తి ఇద్దరు వాడటానికి నేను ఒప్పుకోను, అది తండ్రీ కొడుకులైనా సరే. కంటికి ఏమీ కనిపించకపోయినా అంచున రక్తం అంటుకుని ఉంటుంది, హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. హెపటైటిస్ సి, పులిపిర్లు, చర్మం మీది చీము క్రిములు కూడా ఇలాగే పాకుతాయి. సెలూన్‌లో కొత్త బ్లేడును కాగితంలోనే సగానికి విరిచి, ఆ సగం ముక్కను మీ కళ్లముందే కత్తికి ఎక్కిస్తారు చూడండి, అది ఇందుకే. మీ కత్తికి బ్లేడు మార్చే వీలు లేదు కాబట్టి అది మీ ఒక్కరిదిగానే ఉండాలి.

ఇప్పుడు మీ పొక్కులు. ఫొటో లేకుండా కచ్చితంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి రెండూ కలిసి ఉన్నట్టున్నాయి. ఒకటి వెంట్రుక కుదుళ్లలో ఇన్ఫెక్షన్. రెండోది, మొండి కత్తి వెంట్రుకను పైకి లాగి ఏటవాలుగా తెంపడం వల్ల దాని కొస చర్మం కిందికి పోయి, మళ్లీ పెరిగేటప్పుడు లోపలే గుచ్చుకోవడం. రింగుల జుట్టు ఉన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మందుకన్నా ముందు చేయాల్సింది, నాలుగు వారాల పాటు మెడ మీద ఏ బ్లేడూ పెట్టకుండా ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరించుకోవడం. ఆఫీసులో గడ్డం కనిపిస్తే కనిపించనివ్వండి. పొద్దున, రాత్రి గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో ఐదేసి నిమిషాలు కాపండి. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ రోజుకోసారి పలచగా రాయొచ్చు, మొదట్లో కాస్త పొడిబారుతుంది, దిండు గలీబు రంగు వెలిసిపోతుంది, అంతే. గిల్లకండి, పిండకండి. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే దురద క్రీముల్లో చాలావాటిలో బెటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి, అవి రాస్తే రెండు రోజులు తగ్గినట్టే ఉండి ఆ తర్వాత రెట్టింపై కూర్చుంటుంది, దయచేసి వాటి జోలికి పోకండి. జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా, పై పెదవి మీదో ముక్కు పక్కనో సెగ్గడ్డ లేచినా ఇంట్లో ఆగకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అమ్మగారి భయంలో సగం నిజం ఉంది. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో, దుమ్ములో, పేడలో ఉండే క్రిమి గాయంలోకి పోవడం వల్ల వస్తుంది. కానీ గాటు చిన్నదే కదా అని ధైర్యపడటానికి లేదు. 1842 జనవరి 1న అమెరికాలోని కాంకర్డ్‌లో జాన్ థోరో అనే స్కూలు టీచర్ కత్తిని తోలు మీద నూరుతూ వేలి కొస కోసుకున్నాడు, పది రోజులకే ధనుర్వాతంతో ప్రాణం పోయింది. అప్పట్లో టీకా లేదు, ఇప్పుడుంది. మన దగ్గర పిల్లలకు ఆఖరి డోసు 16 ఏళ్లప్పుడు వేస్తారు, అది మీకు పడి ఉన్నా ఇప్పటికి 13 ఏళ్లయింది, పదేళ్లకోసారి బూస్టర్ కావాలి. ఈ వారమే వెళ్లి వేయించుకోండి. ఇదివరకు టీటీ అనేవాళ్లం, ఇప్పుడు టీడీ, అంటే ధనుర్వాతానికీ డిఫ్తీరియాకూ కలిపి ఇచ్చే టీకా వేస్తున్నారు.

20 నిమిషాలు రక్తం ఆగలేదన్నారు. మధ్యలో ఎన్నిసార్లు గుడ్డ తీసి చూశారు? చాలామంది నిమిషానికోసారి తీసి చూస్తారు, చూసిన ప్రతిసారీ కట్టిన గడ్డ కాస్తా ఊడిపోతుంది. శుభ్రమైన పొడి గుడ్డతో గడియారం చూసుకుంటూ పది నిమిషాలు కదపకుండా అదిమి పట్టండి. పైపైన గీరుకుపోతే తడిపిన పటిక చాలు. పసుపు, కాఫీపొడి గాయంలో కూరకండి, అవి శుభ్రం చేయడానికే మాకు ఎక్కువసేపు పడుతుంది. అలా అదిమినా ఆగకపోతేనో, గాయం నోరు తెరుచుకుని ఉంటేనో కుట్టు పడాల్సి రావచ్చు. చిగుళ్ల నుంచి కూడా రక్తం వస్తుంటే, తగలకుండానే ఒంటి మీద నల్లమచ్చలు పడుతుంటే, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే టైము ఒకసారి పరీక్ష చేయించండి.

ఇక కత్తి. ఇది డాక్టర్ చెప్పే విషయమా అనుకోకండి, మీ మెడకు వచ్చిన జబ్బుకు మూలం అక్కడే ఉంది. సైకిల్ చక్రం మీద సాన పట్టేది కూరగాయల కత్తులకు, కొడవళ్లకు. గడ్డం కత్తి అంచు అంత పలచన కాబట్టి చక్రం రాపిడి వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది, అంచు రంపంలా తయారవుతుంది. సోలింగెన్ కత్తులకు పేరుపడిన జర్మన్ ఊరు, మంచి ఉక్కే అయి ఉంటుంది. వెలుతురులో అంచును పరిశీలించండి. తుప్పు గుంటలు అంచు దాకా వచ్చి ఉన్నా, అంచు పక్కన నీలం రంగు తిరిగి ఉన్నా తాతగారి గుర్తుగా దాచుకోండి, చర్మం మీద పెట్టొద్దు. బాగుంటే, ఇలాంటి కత్తుల్ని చదునైన సాన రాయి మీద చేత్తో నూరడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. 1000 నంబరు రాయితో మొదలుపెట్టి 8000, 12000 దాకా వెళ్తారు (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు), అంచూ వెన్నూ రెండూ రాయికి ఆనించి, అంచు ముందు నడిచేలా.

రోజువారీ తోలు మీద నూరడం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. తోలును బిగువుగా లాగి పట్టుకుని, కత్తిని బల్లపరుపుగా పడుకోబెట్టి, వెన్ను ముందు, అంచు వెనక నడవాలి. చివరికి వచ్చాక కత్తిని పైకి ఎత్తకుండా వెన్ను మీదే దొర్లించి అవతలి వైపుకు తిప్పాలి. అంచు మీద దొర్లిస్తే తోలూ తెగుతుంది, వేలూ తెగుతుంది. గీసుకోబోయే ముందు 30 సార్లు పోవాలి, రావాలి, బరువు వేయకుండా, తొందర లేకుండా. వెంట్రుక ఉక్కుకన్నా 50 రెట్లు మెత్తన, అయినా అది కత్తి అంచును ఎలా చిట్లగొడుతుందో 2020లో ఎంఐటీ పరిశోధకులు మైక్రోస్కోప్ కింద చూపించారు. తోలు అంచును సరిచేస్తుంది గానీ చిట్లిన చోటును పూడ్చదు, కాబట్టి మళ్లీ లాగడం మొదలైందంటే రాయి దగ్గరికి పంపాల్సిందే. మొండి కత్తిని అదిమి గీయడం వల్లే ఎక్కువ తెగుతుంది.

గీసుకున్నాక కడిగి, మెత్తటి గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు తుడిచి, గాలికి తెరిచి ఆరనివ్వండి. బాత్‌రూమ్‌లో మాత్రం ఉంచకండి, ఆ తేమకే తుప్పు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాస్తే చాలు, కొబ్బరినూనె జిగురు కడుతుంది. మళ్లీ వాడేముందు ఆ నూనె తుడిచేసి స్పిరిట్ దూదితో ఒకసారి తుడవండి.

మా చిన్నప్పుడు ఇంటికొచ్చి క్షవరం చేసే పెద్దాయన పొది విప్పి కత్తి తీయడానికి ముందు అరచేత్తో నీళ్లు తీసుకుని మా నాన్నగారి గడ్డాన్ని వేళ్లతో చాలాసేపు నలిపేవారు, సబ్బు కూడా ఉండేది కాదు, కానీ ఎప్పుడూ చిన్న గీరు పడలేదు. వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే సులువుగా తెగుతుందని ఆయనకు ఎవరూ పాఠం చెప్పలేదు. మీరూ స్నానం అయ్యాకే కూర్చోండి, నురుగు పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగండి. కత్తిని చెంపకు ఆనించి వెన్నును కాస్త లేపితే 30 డిగ్రీలు వస్తుంది, రెండో చేత్తో చర్మాన్ని బిగదీసి, వెంట్రుక మొలిచిన వైపుకే చిన్న చిన్న గీతలు. అడ్డంగా జరపడం అస్సలు వద్దు, ఎదురు గీయడం రెండు మూడు నెలల దాకా వద్దు. వారానికి రెండుసార్లు చాలు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన నిద్ర కళ్లతో ముట్టుకోకండి. కత్తి చేతిలోంచి జారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసి పడనివ్వండి.

మెడ శుభ్రపడి, కత్తి నూరి వచ్చాక మొదటి రోజు కుడి చెంప ఒక్కటే గీయండి, మిగతాది మామూలు రేజర్‌తో కానివ్వండి. నాన్నగారిని పక్కనే కుర్చీలో కూర్చోమనండి. వాళ్ల నాన్న ఈ కత్తి ఎలా పట్టుకునేవారో, తోలు ఎక్కడ తగిలించేవారో ఆయన చిన్నప్పుడు చూసే ఉంటారు, అడగండి.